తొట్టి విప్పేయమన్నారు

మా బుల్లెట్‌కి యాభై ఏళ్ళు దాటాయి. 1974 బండి. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో కదా, అంతకు ముందుది కాబట్టి ఆర్‌సీ పుస్తకం మొదటి పేజీలో ఇప్పటికీ విశాఖపట్నం ముద్రే ఉంటుంది. బొబ్బిలి వైపు ఒక కంట్రాక్టరు దగ్గర కొన్నేళ్ళు తిరిగాక మా నాన్న చేతికొచ్చింది. నాన్న పోయి పదకొండేళ్ళయింది. బండి నా దగ్గరే ఉంది, ఎడమ పక్కన తగిలించిన సైడుకారుతో సహా. దాన్ని మేం తొట్టి అంటాం. నడుస్తోంది.

ఆ మధ్య విశాఖలో పాత బళ్ళన్నీ ఒకచోట చేరుతున్నాయంటే తీసుకెళ్ళాను. యాభై పైచిలుకు కిలోమీటర్లూ నడుపుకుంటూనే వెళ్ళాను. అక్కడికొచ్చిన వాటిలో సగం ట్రాలీల మీంచి దిగాయి. నికెల్ పూత మీద మన మొహం కనిపించేలా ఉన్నాయి. వాటి వరసలో మా బండిని నిలబెడితే, బళ్ళ గురించి నిజంగా తెలిసిన ఒకాయన వచ్చి, గొంతుక్కూర్చుని పది నిమిషాలు చూశారు. ట్యాంకు తర్వాతి కాలానిదన్నారు. కార్బురేటర్ ఆ ఏడాదిది కాదన్నారు. వెనక మడ్గార్డు వేరే బండిది అన్నారు. మూడూ నిజమే. లేచి చేతులు తుడుచుకుంటూ ఎంతో ప్రేమగా చెప్పారు: "సార్, లోపల మంచి బండి ఉంది. ఆ తొట్టి విప్పేసి, ట్యాంకూ మడ్గార్డూ ఆ సంవత్సరానివి వెతికి పట్టుకుంటే ఒరిజినల్‌కి వచ్చేస్తుంది. వింటేజ్ నంబరు తెచ్చుకోవచ్చు. వదిలేయకండి."

లోపల మంచి బండి ఉంది. అంటే పైన కనిపిస్తున్నది బండి కాదన్నమాట. తిరుగు దారిలో ఆనందపురం దాటే దాకా ఆ ఒక్క మాటే నాతో పాటు వచ్చింది. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చూపు నాకు అర్థమవుతుంది, గౌరవిస్తాను కూడా. కానీ ఆ తొట్టి విప్పను. ఎందుకు విప్పనో నాకు నేను చెప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

కావిడి

ఆ తొట్టి మా నాయనమ్మ కోసం వచ్చింది. ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కలేదు, బండి వెనక పక్కకి తిరిగి కూర్చోలేదు. రామతీర్థం వెళ్ళాలని మాత్రం ప్రతి కార్తీకంలోనూ అడిగేది. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో టైంకీపర్. జీతం సంగతి చెప్పక్కర్లేదు, కారు మాట ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మెకానిక్ మేస్త్రి, నాన్న కలిసి ఆలోచించి, సాలూరులో లారీల షెడ్డుకి వెళ్ళి ఇనుప పైపులతో ఛాసిస్ వెల్డింగు చేయించారు. పైన రేకు తొట్టి ఊళ్ళో రేకు పనివాడు కొట్టాడు. సీటు లోపల కొబ్బరి పీచు, దాని మీద గోనె పట్టా, ఆపైన రెగ్జిన్. లారీకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు వేశారు. బండి నలుపు, తొట్టి ఆకుపచ్చ. ఇప్పటికీ అంతే.

దాన్ని బండికి బిగించిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మేస్త్రి రెండు తిన్నని వాసాలు తెచ్చాడు. ఒకటి బండి రెండు చక్రాలకీ ఆనించి నేల మీద పెట్టాడు, రెండోది తొట్టి చక్రానికి ఆనించాడు. వాసాల మధ్య ఎడం వెనక వైపు పురికొసతో కొలిచి ముడేశాడు. అదే పురికొస ముందు వైపు పట్టాడు. ముందు ఎడం బొటనవేలు వెడల్పంత తక్కువ రావాలి. అంటే తొట్టి చక్రం ముక్కు రవ్వంత బండి వైపు తిరిగి ఉండాలి. రాకపోతే బోల్టు వదులు చేసి, సుత్తితో తట్టి, మళ్ళీ కొలిచాడు. తర్వాత బండిని కుడికి, అంటే తొట్టికి దూరంగా, కంటికి కనపడీ కనపడనంత ఒరిగేలా పై రాడ్డు బిగించాడు. ఆ పని పొద్దున్న మొదలెడితే దీపాలు పెట్టే వేళకి అయింది. నాన్న నడిపి చూసి, "ఎడమకి లాగుతోంది" అన్నారు. మేస్త్రి అన్న మాట నేను మా అబ్బాయికి కూడా చెప్పాను:

"ఇది బండి కాదు బాబూ, కావిడి. ఒకేపు బరువెక్కితే రెండోపు నువ్వు సూసుకోవాల."

సైడుకారు నడిపిన వాళ్ళెవరైనా ఈ ముక్కే చెప్తారు. థ్రాటిల్ తిప్పితే తొట్టి వెనకబడి బండి ఎడమకి లాగుతుంది. బ్రేకేస్తే తొట్టి ముందుకి తోసుకొచ్చి కుడికి లాగుతుంది. విడి బండిని మలుపులో ఒరిగి తిప్పుతాం. దీని మీద ఒరిగినా తిరగదు, హ్యాండిల్‌ని భుజబలంతో తిప్పాలి. అన్నిటికన్నా ప్రమాదం, ఖాళీ తొట్టితో ఎడమ మలుపు. చక్రం లేస్తుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు నాన్నకి చెప్పకుండా తీసి, దాసన్నపేట దగ్గర ఎడమకి తిరగబోయాను. తొట్టి గాల్లోకి లేచింది. సైకిల్ అలవాటు కొద్దీ ఒరిగాను. బండి మలుపు తిరగకుండా నేరుగా రోడ్డుకి అడ్డంపడి పోయింది. ఎదురుగా గడ్డి బండి వస్తోంది. ఎద్దుల కొమ్ములు నాకు మూరెడు దూరంలో ఆగాయి. ఆ బండాయన నన్ను తిట్టలేదు, ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి. ఇంటికొచ్చి నాన్నకి చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మిల్లు నుంచి ఒక గోనె సంచి తెచ్చి, ఇసుక నింపి, కుట్టి, తొట్టిలో పడేశారు. "ఎవరూ ఎక్కనప్పుడు ఇది ఎక్కుతుంది" అన్నారు.

నాయనమ్మకి మాత్రం ఎవరూ నేర్పలేదు. మొదటి రోజు దాన్ని చూసి, "ఓలమ్మో, ఇందల ఎలా కూకోడమేటి, నానెక్కను" అంది. రెండో వారానికి ఎడమ మలుపు రాబోతోందంటే తనంతట తనే ఎడమ అంచు పట్టుకుని బయటికి ఒరిగేది. చీర కొంగు నోట్లో కరుచుకుని మరీ. రేసుల్లో సైడుకారు మనుషులు చేసే పని అదే అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మోకాళ్ళు వంగని ముసలావిడ, నడుము ఒక్కదాన్నీ వాడి మూడు చక్రాలూ నేల మీద ఉంచింది.

ఇప్పుడు ఈ తొట్టిని "లోపలి మంచి బండి"కి అంటుకున్న మురికిలాగా ఎలా చూడను?

ఒరిజినల్ ఎక్కడిది?

ఒరిజినల్ అనే మాట గురించి కొంచెం ఓపిగ్గా ఆలోచించాలి. బుల్లెట్ ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో పుట్టిన బండి. 1952లో మన సైన్యం సరిహద్దు గస్తీకని 800 బళ్ళకి ఆర్డరిచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్ళతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది, మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించారు, తర్వాత అన్నీ ఇక్కడే పోతపోశారు. అక్కడేమో కంపెనీయే మూతపడింది. 1977లో మన మద్రాసు బుల్లెట్ ఇంగ్లండుకి ఎగుమతి అయింది. కన్నతల్లి ఊరికి కాపీ వెళ్ళిందనాలా, అసలు వెళ్ళిందనాలా? నా మటుకు నాకు, ఎక్కడ రోజూ నడిచిందో అక్కడిదే అసలు.

రాజ్‌దూత్ 175 పోలండ్ బండి. జావా చెకొస్లోవేకియాది, మైసూరులో తయారైంది, తర్వాత యెజ్డీ అయింది. టెక్కలిలో మా మేనమామకి యెజ్డీ ఉండేది. కిక్ రాడ్డునే లోపలికి నొక్కి తిప్పితే గేరు రాడ్డు అయ్యేది, చిన్నప్పుడు మాకదో ఇంద్రజాలం. ఆ బండి మీద మావయ్య పలాస నుంచి జీడిపప్పు డబ్బాలు వేసేవాడు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూసేశారు. అప్పటి నుంచి ఆ బండికి కావలసినవన్నీ శ్రీకాకుళంలో ఒక లేత్ మెషీన్ దగ్గరే పుట్టాయి. బుష్షులు, పిన్నులు, ఒకసారి మొత్తం క్లచ్ రాడ్డు. మావయ్య ఆ బండిని ఇంకో పదిహేనేళ్ళు నడిపాడు. ఆ పదిహేనేళ్ళూ అతని యెజ్డీకి ఫ్యాక్టరీ ఎక్కడుందంటే ఆ లేత్ దగ్గరే ఉంది. ఒరిజినల్ పార్టు లేదు కాబట్టి ఆ బండి విలువ తక్కువంటే, దాన్ని బతికించిన ఆ చేతుల విలువ తక్కువన్నట్టే కదా.

మా వీధిలో ఒక మాస్టారు ఉండేవారు. పోలియోతో రెండు కాళ్ళూ చచ్చుబడిపోయాయి. చీపురుపల్లి వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పని. ఆయన స్కూటర్‌కి వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు పెట్టింది కూడా మా మేస్త్రే. వెనక బ్రేకు కాలితో తొక్కే బదులు చేత్తో లాగేలా ఒక లీవరు, ఊతకర్రలు పెట్టుకోవడానికి పక్కన రెండు కొక్కేలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్కూటర్ ఎంత ఒరిజినల్ అయినా ఆ మనిషి దాని మీద ఒక్క నిమిషం కూర్చోలేడు. పక్క చక్రాలు వచ్చాకే అది ఆయన బండి అయింది. "మేస్త్రి నాకు కాళ్ళు పెట్టాడండీ" అనేవారు. వర్షాకాలంలో గుంటల రోడ్డు మీద మధ్య చక్రం గాల్లో తిరిగి, పక్క చక్రాలు మాత్రమే నేలనానేవి, బండి ముందుకి కదిలేది కాదు. అలాంటప్పుడు దారిన పోయేవాళ్ళు ఆగి, ఒక తోపు తోసి వెళ్ళేవాళ్ళు. మాస్టారు రిటైరయ్యే దాకా అలాగే బడికి వెళ్ళారు.

చట్టం మాట

2021 జులైలో కేంద్రం పాత బళ్ళకి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని టూవీలర్లూ కార్లూ వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు, నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. విదేశాల నుంచి తెచ్చుకున్న వాళ్ళకీ, కాగితాలు చెదిరిపోయిన పాత కార్ల వాళ్ళకీ ఇది మేలు చేసింది, సందేహం లేదు.

కానీ ఆ నంబరు తీసుకున్న బండిని మామూలు అవసరాలకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకి వెళ్ళొచ్చు, ర్యాలీకి వెళ్ళొచ్చు, సాంకేతిక పరిశోధనకి వాడొచ్చు, పెట్రోలు కొట్టించుకోవడానికీ మరమ్మతుకీ తీసుకెళ్ళొచ్చు. అమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి కాదు. గంటస్తంభం దగ్గర కూరలకి కాదు. రామతీర్థానికి కాదు. మా బండి పుట్టి పెరిగిందే ఈ పనుల కోసం. దాని యాభై ఏళ్ళ వయసుని గౌరవించడానికి దానికి ఆ పనులు మాన్పించాలట. అందుకే మామూలు ఆర్‌సీనే ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటున్నాను. తనిఖీకి తీసుకెళ్ళిన ప్రతిసారీ సైడుకారు పుస్తకంలో ఎక్కి ఉందని చూపించాలి. నాన్న ముందుచూపుతో ఎక్కించారు.

నా మాటకి ఎదురు మాటలు

ఇంట్లోనే ఉన్నాయి. మా చెల్లి ఫోన్లో ఈ సంగతంతా విని, "విప్పేయరా అన్నయ్యా, దరిద్రం వదుల్తుంది" అంది. పదో తరగతి పరీక్షలకి నాన్న దాన్ని ఆ తొట్టిలో కూర్చోబెట్టి దింపేవారు. గేటు దగ్గర పిల్లలు "తొట్టిబండి, తొట్టిబండి" అని అరిచేవాళ్ళు. నాకు సాహసంలా గుర్తున్నది దానికి తలవంపులుగా గుర్తుంది. నేను నడిపినవాణ్ణి, అది తొట్టిలో ముడుచుకుని ఇంజన్ వేడి పక్కన కూర్చునేది. పాత బళ్ళ జ్ఞాపకాలు చెప్పేది, రాసేది ఎప్పుడూ నడిపినవాళ్ళే. వెనకా పక్కనా కూర్చున్నవాళ్ళని అడిగితే వేరే కథ వస్తుంది. అమ్మని అడిగితే, చీరకి ఎప్పుడూ పెట్రోలు వాసన వచ్చేదని చెప్పింది. అది చెప్పి చాలాసేపు ఊరుకుంది. ఆ వాసన నచ్చేదో నచ్చేది కాదో నేను అడగలేదు.

భద్రత మాట కూడా కాదనలేను. డ్రమ్ బ్రేకులు, కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు. మొన్నటిదాకా ఆరు వోల్టుల లైటు, ఎదుటి వాడికి దానికి రెండు పక్కలా ఉండే చిన్న పులికళ్ళ దీపాలే ఎక్కువ కనిపించేవి. ఇవాళ్టి హైవే మీద అది వీరత్వం కాదు, ప్రమాదం. పన్నెండు వోల్టులకి మార్చింది అందుకే. అదీ ఒరిజినల్ కాదు.

అన్నిటికన్నా గట్టి ఎదురు మాట ఇంకోటుంది. అందరూ నాలాగే అవసరానికి మార్చుకుంటూ పోతే, 1974లో బండి ఎలా ఉండేదో రేపు ఎవరికి తెలుస్తుంది? ఆ రోజు విశాఖలో ఒక బండి ట్యాంకు మీద బంగారు గీత చూశాను. చేత్తో గీసిన గీత, వంపు దగ్గర కాస్త సన్నబడి మళ్ళీ లావయింది. మా బండికి అది ఉండేదని నాన్న చెప్పేవారు, నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడ నిలబడి చాలాసేపు చూశాను. దాన్ని అలా కాపాడినవాళ్ళు లేకపోతే ఆ గీత నా కంటపడేది కాదు. కాబట్టి ఆ పని చేసేవాళ్ళు చేయాలి. అన్ని బళ్ళనీ అదే దారికి తోయడమే నాకు నచ్చదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఒక్కటే నిజమనీ, తర్వాత గడిచిన యాభై ఏళ్ళూ చెరిపేయాల్సిన తప్పులనీ అనుకోవడం నచ్చదు.

మరి నా మార్పులకి హద్దేది? ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. మా అబ్బాయి సెల్ఫ్ స్టార్ట్ పెట్టిద్దామంటాడు. వద్దన్నాను. వాడు న్యాయంగానే అడిగాడు: "లైటు మార్చావు, ట్యాంకు మార్చావు, ఇది మాత్రం ఎందుకొద్దు?" జవాబు వెంటనే దొరకలేదు. అంపియర్ మీటరు ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ నెమ్మదిగా దించడం, సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లీవరు పట్టి ఇంకాస్త దాటించడం, లీవరు వదిలి ఒక్క తన్ను. ఈ మూడూ నాన్న నా కాలి మీద తన కాలు పెట్టి నేర్పారు. అది పోతుందనే బెంగ తప్ప నా దగ్గర వాదన లేదు. నా మోకాళ్ళు కూడా నాయనమ్మ మోకాళ్ళలా అయితే, అప్పుడు పెట్టించుకుంటాను. అప్పుడు అది అవసరం అవుతుంది. ఇప్పటికి కాదు. దారిలో ఆగిపోకుండా ఉండడానికి, ఎక్కలేని మనిషి ఎక్కడానికి చేసిన మార్పు ఏదైనా బండిలో భాగమే. చూసేవాళ్ళ కోసం చేసింది మాత్రం, అది కొత్త స్టిక్కరైనా, పాత ట్యాంకైనా, నాకు ఒకటే.

ఈ ఏడాది పెట్రోలు పైపు మూడోసారి మార్చాను. ఇథనాల్ కలిపిన పెట్రోలుకి పాత రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతోంది, ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతోంది. కొత్త రకం పైపు వేశాం. మేస్త్రి ఇప్పుడు లేడు, ఆయన మనవడు వేశాడు. అతను పాత పైపు వంచి చూసి, "ఇది ఎవుడేసేడండీ?" అన్నాడు. మీ తాతే అని చెప్పాను. పారేయబోయినవాడు ఆగి, గుడ్డతో తుడిచి, షెడ్డులో మేకుకి తగిలించాడు.

పోయిన ఆదివారం మా అబ్బాయి సైడుకారు నేర్చుకుంటానన్నాడు. తొట్టి ఖాళీగా ఉంది. ఇసుక బస్తా బయటికి తీస్తే గోనె కింద పీలికలైపోయింది, ఎత్తగానే ఇసుకంతా వాకిట్లో పోసుకుంది. నలభై ఏళ్ళ కిందటి ఇసుక, కొంచెం చెమ్మగా ఉంది. వాడే ఎత్తి, ప్లాస్టిక్ బియ్యం సంచిలో పోశాడు, పురికొసతో మూతి కట్టాడు. అమ్మ అరుగు మీంచి చూస్తూ, "ఇంకొంచెం పొయ్యి, మీ ముత్తమ్మ ఇంతకన్నా బరువుండేది" అంది. వాడు ఇంకో రెండు దోసిళ్ళు పోశాడు.